వృత్తి: సినిమా ఆర్టిస్టు

మా ఇంట్లో ఆడవాళ్లెవరూ కెమెరా ముందు నిలబడలేదు. సినిమాలు తీసిన ఇల్లే అయినా అది తాతగారు పెట్టిన కట్టుబాటు. ఇంటి వెనక ఫ్లోరులో షూటింగు జరుగుతున్నా నాయనమ్మ వంటింటి గడప దాటి అటు వెళ్లేది కాదట. ఆర్టిస్టులకు భోజనాలు మా వంటింటి నుంచే వెళ్లేవి, వాళ్లు మాత్రం మా వంటింట్లోకి వచ్చేవారు కాదు. ఇది గొప్ప విషయమని చెప్పడం లేదు. ఇలా ఉండేదని చెబుతున్నాను. అలాంటి ఇంట్లో పుట్టి, రాళ్ల మీద పరిశోధన చేసుకుంటున్న నన్ను ఒక ఏడాది ఆదాయపు పన్ను రిటర్నులో సినిమా ఆర్టిస్టు అని రాసి పంపారు. దానివల్ల నా ఫెలోషిప్ ఆగిపోయింది.

నేను చేసేది భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ. జూబ్లీహిల్స్ గుట్టల మీద ఇంకా మిగిలి ఉన్న గ్రానైట్ బండలు ఏ వైపు పగులుతాయి, ఆ పగుళ్లలోకి దిగిన వాన నీరు ఎటు పోతుంది అన్నది నా విషయం. ఈ గుట్టల్ని పేల్చి ఇళ్లు కట్టిన మొదటివాళ్లలో మా తాతగారు ఒకరు. మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చి, బండల్ని మందుగుండుతో పగలగొట్టించి ఇల్లూ, దాని వెనక షూటింగు ఫ్లోరూ కట్టించారు. ఇప్పుడక్కడ బీరు కాచి అమ్మే రెస్టారెంటు ఉంది. పగలు అటువైపు వెళ్లినప్పుడు పార్కింగు కుర్రాళ్లు నా పాత స్కూటీని గేటు దగ్గర ఆపనివ్వరు. నేను కూడా ఆపాలనుకోను. అమ్మా నేనూ ఫిలింనగర్‌లో, షేక్‌పేట వైపు దిగే రోడ్డులో, రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం.

కొన్నేళ్లు ఉద్యోగం చేసి, మానేసి, ముప్ఫై దాటిన తర్వాత పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్ తెచ్చుకున్నాను. ఇంటి అద్దె, మా ఇద్దరి తిండి, నా రాళ్ల వెంట తిరుగుడు అన్నీ అందులోనే. ఎవరి దయా కాదు, ఎవరి సిఫార్సూ లేదు. అందుకే నాకు ఆ డబ్బంటే గౌరవం. దానికి ఒక షరతు ఉంది. పూర్తికాలం పరిశోధన చేయాలి, వేరే పని చేసి సంపాదించకూడదు. మొదటి రెండేళ్లు జూనియర్, ఆ తర్వాత ఒక కమిటీ చూసి సీనియర్ చేస్తుంది.

చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పు మీద పన్ను లేదు. చట్టంలో అది చిన్న వాక్యం, తిరకాసేమీ లేదు. కానీ ఆ డబ్బు మా చేతికి నేరుగా రాదు, యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్ గుండా వస్తుంది. నా రెండో ఏడాదిలో ఆ సెక్షన్ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. దాంట్లో ప్రతి చెల్లింపుకూ ఒక పద్దు చూపించాలి. స్కాలర్‌షిప్ అనే పద్దు అందులో లేదో, ఉన్నా ఎవరికీ కనపడలేదో గానీ, మమ్మల్నందరినీ ఉపన్యాసాలకు వచ్చే అతిథులతో కలిపి ‘ప్రొఫెషనల్ ఫీజు’ కింద వేశారు. వృత్తి నిపుణులకిచ్చే ఫీజు మీద పదోవంతు ముందే కోసి ప్రభుత్వానికి కడతారు. మాకూ కోశారు.

మా డిపార్ట్‌మెంటులో చాలామంది ఆ కోతను వదిలేశారు. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చని తెలిసినా, ఆ తలనొప్పి ఎవరికి కావాలన్నారు. నేను వదలలేదు. మా ఇంట్లో రిటర్ను వేయని ఏడాది లేదు. వరసగా మూడు సినిమాలు పోయిన ఏడాది వేశాం, ఇల్లు అమ్మిన ఏడాది వేశాం, నాన్న పోయిన ఏడాది కూడా వేశాం. అవన్నీ చూసిన ఆడిటర్‌గారే ఇప్పటికీ మా ఆడిటర్. శ్రీనగర్ కాలనీలో ఆయన ఆఫీసు. బ్యాంకు కాగితాలు ఇచ్చి వచ్చాను. జులైలో రిటర్ను వెళ్లింది, సెప్టెంబరులో కోసిన డబ్బు తిరిగి ఖాతాలో పడింది. పని బాగా జరిగిందనుకున్నాను.

అక్టోబరులో సీనియర్ ఫెలోషిప్ కోసం కాగితాలు పెట్టినప్పుడు, వేరే ఆదాయం లేదని హామీపత్రంతో పాటు పన్ను రిటర్ను కాపీ కూడా జతచేయమన్నారు. చేశాను. రెండు రోజుల తర్వాత ఫైనాన్స్ సెక్షన్ ఆఫీసరు రమ్మన్నాడు. యాభై దాటిన మనిషి, బల్ల మీద ఎప్పుడూ తెరిచిన ఉప్పు పల్లీల పొట్లం ఉంటుంది.

“మేడం, మీరు యాక్టింగ్ చేస్తరా?” అన్నాడు.

“ఏమిటండీ?”

“గీడ రాసుంది చూడండ్రి. ప్రొఫెషన్, ఫిలిం ఆర్టిస్ట్.”

పక్క బల్ల దగ్గరావిడ కంప్యూటరు మీంచి తల ఎత్తింది. “అవునా? ఏ సీరియల్ మేడం? జర చెప్తే మేము గూడ చూస్తం గదా.”

కాగితం తీసుకుని చూశాను. నిజంగానే అలా ఉంది. రిటర్ను వెళ్లిన రోజు ఆడిటర్ ఆఫీసు పంపిన కాపీని నేను చదివాను. ఎంత కోశారు, ఎంత తిరిగి వస్తుంది అన్నది చూశాను. వృత్తి దగ్గర ఉన్న నంబరు పక్కన ఏం రాసి ఉందో చూడాలని ఎవరికి తోస్తుంది?

“నేను జియాలజీ స్కాలర్‌ని. మీకు తెలుసు” అన్నాను.

“నాకు తెలుసు మేడం. కాయితానికి తెల్వది గదా. పాన్ మీది, రిటర్న్ మీది. నేనేమన్న రాసిన్నా?”

“పొరపాటున పడింది.”

“ఫిలింనగర్‌ల ఉంటరు. అక్కడ అందరూ ఏదో ఒకటి చేస్తనే ఉంటరు. మా బామ్మర్ది పోరగాడు గూడ సైడ్ క్యారెక్టర్లు వేస్తుండు. తప్పేం లేదు. గని వేరే సంపాదన ఉన్నోళ్లకు ఫెలోషిప్ ఇయ్యొద్దని రూల్. ఫైల్ హోల్డ్‌ల పెడుతున్న. డిసెంబర్ కమిటీల తేలుస్తరు. తేలకపోతే క్యాన్సిల్.”

ఆయన గొంతులో కోపం గానీ వెటకారం గానీ లేదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు. ఆయన నన్ను అనుమానించి ఉంటే బాగుండేది, అప్పుడు కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

అక్కడి నుంచి నేరుగా శ్రీనగర్ కాలనీ వెళ్లాను. ఆడిటర్‌గారి గదిలో గోడ పొడవునా శతదినోత్సవ షీల్డులు ఉంటాయి, క్లయింట్లు ఇచ్చినవి. వాటిలో మా తాతగారివి పై వరసలో ఉన్నాయి. ఆయనకు ఎనభైకి దగ్గర వయసు. నన్ను చూసి, చదువుతున్న పేపరు మడిచి పెట్టారు.

“రా అమ్మాయీ, కూర్చో. కాఫీ తాగుతావా?”

“మీరు నన్ను సినిమా ఆర్టిస్టు అని రాశారండీ.”

“రాశాం. అయితే?”

“నేను ఆర్టిస్టును కాను.”

ఆయన జూనియర్‌ను పిలిచారు. చలాకీ పిల్ల, మా ఫైలు చూసేది తనే. ఏం జరిగిందో తను చెప్పింది. యూనివర్సిటీ నా పేరు మీద ప్రొఫెషనల్ ఫీజు అని చూపించింది. ఆ ఆఫీసులో ప్రొఫెషనల్ ఫీజు వచ్చే క్లయింట్లంటే నటులు, మాటల రచయితలు, ఎడిటర్లు, కాస్ట్యూమ్ డిజైనర్లు. చట్టం లెక్కలో వీళ్లంతా సినిమా ఆర్టిస్టులే. వాళ్లలో ఒకరి ఫైలు కాపీ చేసి పేరూ అంకెలూ మార్చింది. “మన దగ్గర అందరికీ అదే కోడ్ మేడం. మీది వేరే అని నాకు తట్టలేదు. ఫిలింనగర్ అడ్రస్ కూడా ఉంది కదా” అంది. ఆ పిల్లను ఏమనగలను? ఆ గదిలో కూర్చుని పని నేర్చుకున్నవాళ్లకు ప్రపంచంలో ఎవరికి ఏ డబ్బు వచ్చినా అది పారితోషికమే.

ఆడిటర్‌గారు మాత్రం ఇంకా తప్పెక్కడుందో వెతుకుతున్నట్టే ఉన్నారు.

“నువ్వు పన్ను ఎంత కట్టావు?”

“ఏమీ లేదు.”

“కోసింది మొత్తం వెనక్కి వచ్చిందా?”

“వచ్చింది.”

“మరి బాధేంటమ్మా? చిన్న ఆదాయం ఉన్న ఆర్టిస్టులకి, డాక్టర్లకి చట్టం ఒక సౌకర్యం ఇచ్చింది. వచ్చినదాంట్లో సగం లాభం అని చూపిస్తే చాలు, లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. నీ సగం ఖర్చు కింద ఎగిరిపోయింది, మిగతా సగం పరిమితి దాటలేదు కాబట్టి పన్ను పడలేదు. ఇంతకన్నా శుభ్రంగా ఎవడు చేస్తాడు?”

“అసలు పన్నే లేని డబ్బండీ అది. మొత్తం మినహాయింపు అని చూపించాలి.”

“అక్కడ ఫీజు అని ఉంటే ఇక్కడ మినహాయింపు అంటే నోటీసు వస్తుంది. ముందు యూనివర్సిటీ వాళ్లని వాళ్ల లెక్క మార్చమను. తర్వాత చూద్దాం.”

“మీరు రిటర్ను మార్చి వేయండి. ఏడాది చివరిదాకా గడువుంది.”

ఆయన ముఖం బిగుసుకుంది. “ఈ ఆఫీసు నుంచి ఒకసారి వెళ్లిన రిటర్నును మళ్లీ మార్చింది లేదు. మీ తాతగారి రోజుల్లోనూ లేదు. అయినా ఆర్టిస్టు అంటే నీకు అంత కంపరం ఎందుకమ్మా? ఆ ఇల్లు కట్టింది ఆర్టిస్టుల మొహాలు చూపించే కదా.”

“కంపరం కాదండీ. కాదు కాబట్టి కాదంటున్నాను.”

“నాన్న పోలికే” అన్నారు ఆయన. మెచ్చుకున్నారో తిట్టారో తెలియలేదు. కాఫీ వచ్చింది. తాగకుండా రావడం మర్యాద కాదు కాబట్టి తాగి వచ్చాను.

ఆ తర్వాత నెలన్నర గురించి వివరంగా రాయడానికి కూడా విసుగ్గా ఉంది. సెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళితే ముందు మీ రిటర్ను మార్పించుకోండ్రి అంటాడు. ఆడిటర్‌గారి దగ్గరికి వెళితే ముందు వాళ్ల లెక్క మార్పించు అంటారు. ఇద్దరూ మర్యాదగానే అంటారు. నవంబరులో ఫెలోషిప్ రాలేదు. ఇంటాయనకు అద్దె ఆలస్యమవుతుందని నేనే వెళ్లి చెప్పాను. ఆయన పర్లేదన్నాడు. ఆ పర్లేదు అనే మాట మా ఇంట్లో ఇంతకుముందు మేం ఇతరులతో అనేవాళ్లం.

ఒకసారి సెక్షన్ ఆఫీసరుతో గట్టిగానే వాదించాను. తప్పు మీ సాఫ్ట్‌వేర్‌లో మొదలైందన్నాను.

“సరే మేడం, నేనొకటి అడుగుత” అన్నాడు పల్లీలు పక్కకు జరిపి. “మీరు ఎమ్మెస్సీ పిల్లలకు ల్యాబ్ చెప్తరు గదా?”

“చెబుతాను. వారానికి కొన్ని గంటలు.”

“మరి పని చేసి తీస్కునే పైసలు ఫీజైతది, లేకుంటే జీతమైతది. స్కాలర్‌షిప్ ఎట్లయితది?”

ఇన్ని వారాల్లో నాకు ఎదురైన తెలివైన ప్రశ్న అదొక్కటే. రేపు చెబుతానన్నాను. తర్వాత ఆలోచిస్తే తేలింది. ల్యాబ్ చెప్పడం ఫెలోషిప్ నియమాల్లో ఒకటి, శిక్షణలో భాగం. ల్యాబ్ చెప్పినందుకు ఫెలోషిప్ ఇవ్వడం లేదు. సెలవుల్లో ల్యాబ్ లేకపోయినా అది వస్తుంది, పరిశోధన ఆపేస్తే మాత్రం రాదు. ఫలానా పనికి ఫలానా డబ్బు అని ఒప్పందం చేసుకుంటే అది ఆదాయం అవుతుంది, పన్ను పడుతుంది. చదువుకునే మనిషి బతకడానికి ఇస్తే స్కాలర్‌షిప్. మర్నాడు వెళ్లి ఇది ఆయనకు చెప్పాను.

“మంచిగ చెప్పిండ్రు” అన్నాడు. “గని మీ ఒక్కరిది మార్చనీకి రాదు. మారిస్తే స్కాలర్లందరిదీ మార్చాలె. అప్పుడు ఇన్ని దినాలు ఎందుకు కోసిండ్రని ఆడిట్‌ల నన్నే అడుగుతరు. నేనొక మాట చెప్త, వింటరా? ఒక లెటర్ ఇయ్యండ్రి. కొన్ని దినాలు సినిమాలల్ల పని చేసిన, ఇప్పుడు బంద్ చేసిన, ఇగ చెయ్యను అని. కమిటీ వాళ్లు చూసి పోనీ అంటరు. ఇప్పటిదాంక ఇచ్చిన పైసల రికవరీ లేకుంట నేను చూస్కుంట. మీకు ఫికర్ లేదు, నాకు ఫికర్ లేదు.”

నిజానికి ఆయన నాకు సాయం చేయాలనే అన్నాడు. నేను ఆ ఉత్తరం రాయనని చెప్పి వచ్చేశాను.

నా గైడ్ రాయమన్నారు. ఆయన నా మంచి కోరే మనిషే. “ఒక పేజీ అబద్ధానికి రెండేళ్ల పని పోగొట్టుకుంటావా? అందరం ఏదో ఒక కాగితం మీద ఏదో ఒకటి రాసినవాళ్లమే” అన్నారు. చేయని పనిని చేశానని రాయాలా, అదీ ఈ పని, అదీ మా ఇంటి పేరుతో, అని అడిగాను. ఆయనకు ఆ మూడో మాట అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు.

అమ్మకు అర్థమవుతుందనుకున్నాను. అమ్మ పకపకా నవ్వింది.

“ఎలాగూ రాశారు కదే, ఒక వేషం వేసేయ్. టీవీ వాళ్లకి కోపిష్టి ఆడపడుచు వేషాలకి మనుషులు దొరకట్లేదట. నీకు మేకప్ కూడా అక్కర్లేదు.”

“అమ్మా, నేను నవ్వే పరిస్థితిలో లేను.”

“ఎప్పుడున్నావు గనక? సరే, ఉత్తరం రాయనంటావు. మరి ఏం చేస్తావు? ఆ బిల్డరు ఉద్యోగం ఒప్పుకో.”

ఒక బిల్డరు నన్ను ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. గుట్టల మీద అపార్టుమెంట్లు కడుతుంటాడు. ఏ బండను ఎక్కడ పేలిస్తే పక్కవాళ్ల గోడలు పగలవో చూసి సంతకం పెట్టే మనిషి కావాలి. జీతం ఫెలోషిప్ కన్నా చాలా ఎక్కువ. సంక్రాంతికల్లా ఏదో ఒక మాట చెప్పమన్నాడు. ఒప్పుకుంటే పీహెచ్‌డీ అక్కడితో ఆగినట్టే. నేను ఏ బండలనైతే కొలుస్తున్నానో ఆ బండల్నే పేల్చడానికి సంతకాలు పెట్టాలి. ఫెలోషిప్ రద్దయితే ఒప్పుకోక తప్పదు. అమ్మ ఆ మాట తేలిగ్గా అన్నా, అనేటప్పుడు నా వైపు చూడలేదు.

డిసెంబరు రెండో ఆదివారం పొద్దున, ఇక ఎవరినీ అడగకూడదని నిర్ణయించుకుని, రిటర్ను నేనే మార్చడానికి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, నా పన్ను ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. ఇన్నేళ్లూ అది ఆడిటర్ ఆఫీసు దగ్గరే ఉంది. ఎప్పుడూ అడగాలని కూడా అనిపించలేదు. జూనియర్ పిల్లకు ఫోన్ చేశాను.

“సార్‌కి చెప్పకండి మేడం” అని గొంతు తగ్గించి చెప్పింది.

అది మా తాతగారి బ్యానర్ పేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు. తెర మీద ఆ పేరు పడి ఇరవై ఏళ్లు దాటింది. ఆ పేరును ఒక్కొక్క అక్షరమే కొడుతూ ఒకటి వదిలేశాను. తప్పు పాస్‌వర్డ్ అని వచ్చింది. మళ్లీ కొట్టాను.

అమ్మ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను పైకి చదువుతున్నాను, తను వ్యాఖ్యానం చేస్తోంది.

“వృత్తి నుంచి ఆదాయం. ఇది సున్నా చేస్తున్నాను.”

“అమ్మయ్య, రిటైరయ్యావు.”

“మినహాయింపు ఆదాయం. ఇక్కడ స్కాలర్‌షిప్ అని వేస్తున్నాను.”

“మరి ఆడిటర్‌గారు కుదరదన్నారుగా?”

కుదిరింది. ముందే కోసిన పన్నును చూపించే చోట, అది ఏ రకం ఆదాయం మీద కోసిందో చెప్పమని అడుగుతుంది. ఆ వరసలో మినహాయింపు ఆదాయం అన్న మాట కూడా ఉంది. దాన్ని ఎంచుకున్నాను. ఆ పేజీలోనే, ఎడమ వైపు, నాకు ఆ డబ్బు ఇచ్చినవాళ్లెవరో రాసి ఉంది. అప్పటిదాకా ఎన్నోసార్లు చూసిన వరసే అది. ఆ పూట మొదటిసారి దాన్ని ఒక నిర్మాత మనవరాలిగా చదివాను. లాప్‌టాప్ అమ్మ వైపు తిప్పాను.

“ఇచ్చింది ఎవరని ఉంది?”

అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. “మీ యూనివర్సిటీయేగా.”

“వేరే ఎవరైనా ఉన్నారా?”

“లేరు.” అమ్మ చిక్కుడుకాయ చేతిలోనే ఉంచుకుని ఆలోచించింది. “అయితే నిన్ను పెట్టి సినిమా తీసింది వాళ్లేనన్నమాట.”

రిటర్ను పంపేశాను. నోటీసు వస్తే రానీ అనుకున్నాను.

డిసెంబరు ఆఖరి వారంలో కమిటీ కూర్చుంది. డీన్‌గారు, సెక్షన్ ఆఫీసరుకు పైవాడైన ఫైనాన్స్ ఆఫీసరు, మా డిపార్ట్‌మెంటు హెడ్డు. సెక్షన్ ఆఫీసరు ఫైళ్లతో పక్కన నిలబడ్డాడు. డీన్‌గారు పెద్దావిడ, త్వరగా ముగించాలన్న తొందరలో ఉన్నారు.

“మీరు సినిమాల్లో పనిచేశారట. ఇకముందు చేయనని రాసిస్తారా?” అన్నారు.

“చేయలేదండీ. కాబట్టి రాసివ్వలేను.”

“రిటర్నులో ఉందిగా.”

“పాత రిటర్నులో ఉంది. అది మా ఆడిటర్ ఆఫీసు పొరపాటు. సరిదిద్దిన రిటర్ను మీ ముందు పెట్టాను. కానీ మీరు పాత రిటర్నునే నమ్మినా సరే, ఒక మాట చూడండి. ఆ సినిమా ఆదాయం నాకు ఎవరిచ్చారో అందులోనే ఉంది.”

ఫైనాన్స్ ఆఫీసరు కాగితం తిప్పాడు. వేలితో వరస పట్టుకుని చూశాడు.

“ఏముంది?” అన్నారు డీన్‌గారు.

“మన యూనివర్సిటీయే మేడమ్” అన్నాడాయన.

“మా ఇంట్లో సినిమాలు తీసేవాళ్లు” అన్నాను. “ఎవరు ఎవరికి డబ్బిస్తే ఎవరు ఆర్టిస్టు, ఎవరు నిర్మాత అన్నది నాకు తెలుసు. ఈ కాగితం ప్రకారం నేను ఆర్టిస్టునైతే నా నిర్మాత మీరు. నెలకోసారి మీరు వేసిన ఫెలోషిప్ తప్ప నాకు ఇంకో రూపాయి రాలేదు. అదే డబ్బును మీరే ఫీజు అని రాసి, వేరే ఆదాయం ఉందని మీరే ఆపేశారు. నేను సినిమా ఏదైనా చేసి ఉంటే అది మీ దగ్గరే చేసి ఉండాలి. ఏ సినిమానో చెబితే ఆ ఉత్తరం రాసిస్తాను.”

ముందు హెడ్డుగారు నవ్వారు. డీన్‌గారు నవ్వాపుకుని ఫైనాన్స్ ఆఫీసరు వైపు తిరిగి, “ఇలా ఎంతమందికి కోశారు?” అన్నారు. ఆయన సెక్షన్ ఆఫీసరు వైపు చూశాడు. సెక్షన్ ఆఫీసరు నా వైపు చూసిన చూపులో, చెప్పిన, విన్లేదు, అన్న మాట స్పష్టంగా కనిపించింది.

ఫెలోషిప్ పునరుద్ధరించాలని, నన్ను సీనియర్ చేయాలని, స్కాలర్ల పద్దు సరిదిద్దాలని ఆ రోజే రాశారు. డీన్‌గారు బయటికి వస్తూ నా భుజం తట్టి, “ఇంత కోపం మంచిది కాదమ్మా” అన్నారు. రెండు నెలలు అద్దె కట్టకుండా ఇంటాయన ముందు నుంచి నడిచి వెళ్లే మనిషికి ఎంత కోపం మంచిదో ఆవిడ చెప్పలేదు.

ఆడిటర్‌గారికి నేను రిటర్ను మార్చిన సంగతి ఎలాగో తెలిసింది. మా ఫైళ్లన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది ఇంటికి పంపించారు, ఉత్తరం లేకుండా. అమ్మ వెళ్లి మాట్లాడి రమ్మంది. నేను వెళ్లలేదు. ఆయన తప్పు ఒప్పుకోలేదు, నాది తప్పు కాదు, ఇంక మాట్లాడుకోవడానికి ఏముంది? పెట్టె ఇంకా బీరువా మీదే ఉంది.

జనవరి మొదట్లో ఆగిన నెలలన్నీ కలిపి ఖాతాలో పడ్డాయి. ఇంటాయనకు అద్దె కట్టి, రసీదు అడిగి తీసుకున్నాను. ఆ తర్వాత తీరిగ్గా చూస్తే లెక్క తక్కువుంది. ప్రతి నెల మీదా పదోవంతు కోశారు, మళ్లీ ప్రొఫెషనల్ ఫీజు కిందే.

సెక్షన్ ఆఫీసరు నన్ను చూడగానే పల్లీల పొట్లం నా వైపు జరిపాడు.

“తెల్సు మేడం, తెల్సు. ఆర్డర్ వచ్చింది. గని సాఫ్ట్‌వేర్‌ల ఆ పద్దు మార్చాలంటే కంపెనీవాళ్లు రావాలె.”

“ఎప్పుడొస్తారు?”

“మార్చి అయినంక వస్తమన్నరు. ఈసారి గూడ మీరు రిటర్న్ వేసి తెచ్చుకోండ్రి. మీకు వేసుడు వచ్చేసింది గదా ఇప్పుడు.” ఆయన వెటకారంగా అనలేదు. “నాకు గూడ జర చెప్పుండ్రి, మా బిడ్డ పీహెచ్‌డీల చేరింది. దానికీ కోస్తున్నరు.”

కుర్చీ లాక్కుని, ఏ పేజీలో ఏం ఎంచుకోవాలో ఆయనకు చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

బయటికి వచ్చి బిల్డరుకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పాను.

“ఎందుకండీ? జీతం ఇంకొంచెం పెంచుతాను” అన్నాడు.

“చదువుకుంటున్నానండీ.”

“ఈ వయసులో చదువా? దాంట్లో ఏమొస్తుందండీ?”

“ఫెలోషిప్ వస్తుంది. దానికి పన్ను లేదు” అన్నాను.

కోస్తూనే ఉన్నారని మాత్రం ఆయనకు చెప్పలేదు.